కదిలే బొమ్మకు మన మాట

ఛోటా భీమ్ పుట్టిల్లు హైదరాబాద్. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి, శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ చదువుకొని తిరిగొచ్చిన రాజీవ్ చిలక 2001లో ఇక్కడ గ్రీన్ గోల్డ్ సంస్థను పెట్టారు. 2008లో పోగో చానల్లో భీముడు లడ్డూ తిని బలం తెచ్చుకోవడం మొదలుపెట్టాక, దేశంలో పిల్లలున్న ఇళ్లలో అతన్ని ఎరగని ఇల్లు తక్కువే. పొద్దున బస్సెక్కి హైదరాబాద్ పోతే పొద్దుగూకేసరికి ఇల్లు చేరగలిగేంత దూరంలో ఉన్న నల్లగొండ జిల్లా మర్రిగూడ పిల్లలకూ భీముడు, ఛుట్కీ, రాజు, జగ్గు సొంత దోస్తులే. అయితే ఆ దోస్తులెవరూ మర్రిగూడ మాట మాట్లాడరు. భీముడి ఊరు ఢోలక్‌పూర్, ఒక కల్పిత ఊరు. తెలుగు అతని నోట్లోకి డబ్బింగ్ దారిన వస్తుంది. తెలుగు గడ్డ మీద ఇంత పెద్ద బొమ్మల పరిశ్రమ ఉండి, తెలుగులో పుట్టి తెలుగులోనే పెరిగిన కార్టూన్ ఇంత అరుదుగా ఎందుకుందన్నది సాహిత్యం చదివేవాళ్లు పట్టించుకోవలసిన ప్రశ్న.

బొమ్మ కదలడం వెనుక ఉన్న శ్రమ ముందుగా తెలియాలి. తెర మీద ఒక్క సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు చాలు. ఆ లెక్కన పదకొండు నిమిషాల ఎపిసోడ్‌కు ఏడువేల తొమ్మిదివందలకు పైగా బొమ్మలు కావాలి. ఫ్రాన్స్‌లో ఎమిల్ కోల్ 1908లో ‘ఫాంటస్మగోరీ’ కోసం గీసిన బొమ్మలు దాదాపు 700. ఆ సినిమా నిడివి రెండు నిమిషాలు కూడా లేదు. 1915లో అమెరికాలో ఎర్ల్ హర్డ్ పారదర్శకమైన సెల్యులాయిడ్ షీట్ల మీద పాత్రలను గీసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాకే ఈ కష్టం తగ్గింది. వెనకున్న చెట్టూ గుట్టా ఒకసారి గీసిపెట్టుకుంటే, ముందు నడిచే మనిషిని మార్చుకుంటూ పోతే సరిపోయింది. ఇవాళ ఆ పని కంప్యూటర్ చేస్తోంది. పాత్రను తల, భుజం, మోచెయ్యి, అరచెయ్యి అంటూ ముక్కలుగా గీసి, కీళ్ల దగ్గర కలిపి, ఒక్కో ముక్కను కదుపుతారు. పనిలో ఉన్నవాళ్లు ఇలా కీళ్లు కలిపి సిద్ధం చేయడాన్ని రిగ్గింగ్ అంటారు.

తోలుబొమ్మ చూసినవాళ్లకు ఈ పని కొత్తగా అనిపించదు. అనంతపురం వైపు నిమ్మలకుంటలో మేకతోలును పలచగా గీకి, తల, చేతులు, కాళ్లు విడివిడిగా కోసి, కీళ్ల దగ్గర దారంతో ముడేసి రావణుణ్ణి ఆడించేవాళ్ల చేతిలో ఉన్నది ఇదే విద్య. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. జర్మనీలో లొట్టె రైనిగర్ 1926లో పూర్తిచేసిన ‘ప్రిన్స్ అహ్మద్ సాహసాలు’ కూడా అట్ట కత్తిరించి, కీళ్లు బిగించి, నీడలను ఒక్కో ఫ్రేమూ ఫొటో తీసి అల్లిన సినిమాయే. మిగిలివున్న పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాల్లో అన్నిటికన్నా పాతది అదే.

తెలంగాణకు వస్తే పటం కథ ఉంది. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు సుద్ద, బియ్యపు గంజి, చింతగింజల అంబలి పట్టించి, ఎర్రటి నేల మీద కథను గడులు గడులుగా దించుతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవాళ్లు ఆ పటాన్ని ఒక్కో గడి విప్పుతూ రాత్రంతా కథ నడిపేవారు. బొమ్మ గుడ్డ మీద నిలిచే ఉంటుంది. దాన్ని నడిపించేది చెప్పేవాడి గొంతు. ఆ గొంతులో విన్నవాళ్ల ఊరి మాట ఉండేది. ఇవాళ్టి కార్టూన్‌లో పోయింది సరిగ్గా ఇదే.

ఇక బొమ్మల సినిమా సంగతికి వస్తే, మన దేశంలో దాదాసాహెబ్ ఫాల్కే 1915లోనే అగ్గిపుల్లలను ఫ్రేము తర్వాత ఫ్రేముగా జరిపి ఒక చిన్న సినిమా తీశారు. 1956లో ఫిల్మ్స్ డివిజన్ బొంబాయిలో కార్టూన్ విభాగం మొదలుపెట్టినప్పుడు డిస్నీలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ వచ్చి శిక్షణ ఇచ్చారు. మరుసటి ఏడు జాతక కథ ఆధారంగా ‘బనియన్ డీర్’ వచ్చింది. భారతీయ యానిమేషన్‌కు పితామహుడనిపించుకున్న రామ్‌మోహన్ ఆ బడిలో తయారైనవారే.

తెలుగువాళ్ల వంతు వచ్చేసరికి సింగీతం శ్రీనివాసరావును తలుచుకోవాలి. 1957 నాటి ‘మాయాబజార్’కు ఆయన కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడు. మార్కస్ బార్ట్లే కెమెరా మాయతో లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడింది ఆ సినిమాలోనే. అర్ధశతాబ్దం గడిచాక, 2008లో, ఆయన ఆ ఘటోత్కచుణ్ణే బాలుణ్ణి చేసి పూర్తి నిడివి యానిమేషన్ చిత్రం తీశారు. 2010లో ‘మాయాబజార్’కు హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ సంస్థ ఫ్రేము ఫ్రేముకూ రంగులద్దింది. 2012లో రాజమౌళి ‘ఈగ’ వచ్చింది. ఈగకు మనిషి ముఖం పెట్టలేదు, నోట మాట ఇవ్వలేదు. కాళ్లు, రెక్కలు, తల వంచే తీరుతోనే కోపాన్నీ ప్రేమనూ పలికించారు. 1986లో పిక్సర్ ఒక బల్లదీపంతో సాధించింది ఇలాంటి విద్యే. గ్రాఫిక్స్ చేసిన మకుట విఎఫ్ఎక్స్ సంస్థకు ‘ఈగ’ జాతీయ పురస్కారం తెచ్చింది. కథానాయకుడి పాత్రను యానిమేటర్లే పోషించిన తెలుగు సినిమాగా ‘ఈగ’కు ఇంతవరకూ దక్కిన గౌరవం చాలదు.

హైదరాబాద్‌లో నైపుణ్యానికి లోటు లేదని దీంతో తేలిపోతుంది. డిక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ ఇక్కడినుంచే విదేశీ చానళ్లకు ‘జంగిల్ బుక్’ సీరియల్‌ను తయారుచేసింది. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాలకు ఒక విధానం ప్రకటించింది. మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో యానిమేషన్ డిగ్రీ ఉంది. అయినా తెనాలి రామకృష్ణుడి కథలను సీరియల్‌గా మలిచి 2003లో కార్టూన్ నెట్‌వర్క్‌కు ఇచ్చింది తిరువనంతపురంలోని టూన్జ్ స్టూడియో. హైదరాబాద్‌లో తయారై 2019లో నెట్‌ఫ్లిక్స్ ద్వారా దేశదేశాలు తిరిగిన ‘మైటీ లిటిల్ భీమ్’లోని పసివాడు మాటే ఆడడు. మాట లేకపోవడమే ఆ సీరియల్‌కు సరిహద్దులు దాటే బలాన్నిచ్చింది. వ్యాపారంగా అది సరైన నిర్ణయమే. కానీ మాటలు నేర్చే వయసు పిల్లలకు మాట కూడా కావాలి కదా.

డబ్బింగ్‌తో ఆ లోటు తీరదు. యానిమేటర్ ముందు గొంతు రికార్డు చేసుకొని, ఆ ఉచ్చారణను బట్టి పెదవుల ఆకారాలు గీస్తాడు. వేరే భాషకు గీసిన పెదవుల్లో తెలుగును ఇరికించినప్పుడు వాక్యం కుదించుకుపోతుంది, లేదా అక్కర్లేని మాట చేరి సాగుతుంది. ‘ఏడికి పోతున్నవ్‌రా’ అని ఒకరినొకరు అడిగే పిల్లలు ‘మిత్రమా, ఎక్కడికి వెళ్తున్నావు’ అని మాట్లాడుకునే బొమ్మలను చూస్తూ పెరుగుతారు. తమ మాట తెర మీదికి తగదేమోనన్న అనుమానం అక్కడే మొలకెత్తుతుంది. ఒకప్పుడు తెలుగు సినిమా తెలంగాణ మాటను విలన్‌కూ హాస్యగాడికీ అప్పగించి ఊరుకుంది. 2023లో ‘బలగం’ వచ్చి, చావింటి దుఃఖం మొత్తం ఆ మాటలోనే చెప్పి ఒప్పించింది. కార్టూన్‌కు అలాంటి రోజు ఇంకా రాలేదు.

కథలకు కరువా అంటే, జానపద వీరుల్లో పాలమూరు పండుగ సాయన్న ఉన్నాడు, సర్వాయి పాపన్న ఉన్నాడు. మర్రిగూడలో చెప్పితీరవలసిన కథ ఇంకొకటి ఉంది, నీళ్ల కథ. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన తరాలను ఈ మండలం చూసింది. కెమెరా వంగిన కాలును చూపగలదు. బోరునీళ్లలోని ఫ్లోరైడ్ పసివాడి ఎముకలోకి ఎలా చేరుతుందో, పటికా సున్నమూ కలిపి దాన్ని తేర్చే పద్ధతి నల్లగొండ పేరుతోనే ప్రపంచానికి ఎలా తెలిసిందో చూపాలంటే బొమ్మే గీయాలి.

ఐర్లండ్‌లో కిల్‌కెన్నీ అనే చిన్న ఊళ్లో 1999లో మొదలైన కార్టూన్ సెలూన్ స్టూడియో తమ జానపద కథలనే తీసి ఆస్కార్ బరిలో నిలిచింది. లాట్వియా సినిమా ‘ఫ్లో’ ఎవరైనా ఉచితంగా వాడుకోగల బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో తయారై, 2025లో యానిమేషన్ చిత్రాల ఆస్కార్ గెలుచుకుంది. అంటే సాఫ్ట్‌వేర్ ఖర్చు ఇప్పుడు అడ్డంకి కాదు. తెలుగులో రాసే కథకులు అయిదు నిమిషాల స్క్రిప్టులు రాయడం నేర్చుకోవాలి. మాసబ్‌ట్యాంక్ విద్యార్థులు చివరి ఏడాది ప్రాజెక్టుకు నల్లగొండ, పాలమూరు కథలు ఎంచుకోవాలి. పాత్రల మాటలను అక్కడి బడి పిల్లల చేతనే చెప్పించాలి. తెలంగాణ ప్రభుత్వ విద్యా చానల్ టీశాట్ ఆ సినిమాలకు రోజుకు అరగంట కేటాయించాలి. తొలి సినిమా మర్రిగూడ నీళ్ల కథ అయితే మరీ మంచిది.