పాత ఫోన్ సర్వర్ కావడానికి అడ్డంకి తాళమే

ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో పాత స్మార్ట్‌ఫోన్లను జతచేసి ఒక చిన్న డేటా కేంద్రాన్ని రూపొందించారు. ఒక్కో ఫోన్‌కు అయిన ఖర్చు సుమారు 8 యూరోలు. బ్యాటరీలు తొలగించి, బయటి నుంచి విద్యుత్తు అందించి, సముద్రగర్భంలోని జీవజాతులను గుర్తించే పనిలో దానిని పరీక్షించారు.

ఇంటి అవసరాలు అంతకంటే చిన్నవి. కుటుంబ ఛాయాచిత్రాలను భద్రపరచి, ఇంట్లోని ఇతర పరికరాలకు అందించే సర్వర్‌గా పనిచేయడానికి ఐదారేళ్ల నాటి ఫోన్ శక్తి చాలు. అది వాడుకునే విద్యుత్తు కొద్ది వాట్లే. భారతీయ కుటుంబాల్లో పాత ఫోన్ మొదట చిన్నవారికో, ఊళ్లోని పెద్దలకో చేరుతుంది, లేదా ఎక్స్ఛేంజ్‌లో పోతుంది. చివరికి సొరుగులో మిగిలేది తరచుగా తెర పగిలినదే. ఒకసారి అమర్చిన తరువాత సర్వర్‌కు తెరతో పెద్దగా పనిలేదు! అయితే నిరంతరం ఛార్జింగ్‌లో ఉంచితే పాత బ్యాటరీ ఉబ్బి అగ్నిప్రమాదానికి దారితీయవచ్చు. టార్టు బృందం పాటించిన జాగ్రత్త ఇళ్లకూ వర్తిస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. తయారీదారు భద్రతా అప్‌డేట్లు నిలిపివేసిన ఫోన్‌ను ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచడం ప్రమాదకరం. దానికి విరుగుడు పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వంటి స్వేచ్ఛా లినక్స్ వ్యవస్థను అందులో నెలకొల్పడం. అవి కొన్ని నమూనాలకే అందుబాటులో ఉన్నాయి. పైగా అందుకు ముందు బూట్‌లోడర్ తాళం తెరవాలి. అనేక కంపెనీలు ఆ వీలు కల్పించడం లేదు. దొంగతనం నుంచి, మోసాల నుంచి రక్షణకే ఈ తాళమని వాటి వాదన. ఫోన్ కొత్తగా ఉన్నప్పుడు ఆ వాదనలో బలముంది. కంపెనీయే చేతులు దులుపుకున్న తరువాత అది నిలబడదు.

భారత ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి లక్ష్యాలు ప్రధానంగా బరువు లెక్కన సాగే రీసైక్లింగ్ చుట్టూ తిరుగుతాయి. పునరుద్ధరణకు ధ్రువపత్రాల విధానం ఉన్నా, అది నమోదైన సంస్థలకే పరిమితం. ఇంట్లో ఫోన్‌ను మరో ఐదేళ్లు వాడుకునే పౌరుడు ఆ లెక్కలోకి రాడు. 2022 డిసెంబరులో ప్రారంభమైన మరమ్మతు హక్కు పోర్టల్ విడిభాగాలు, వారంటీ, సేవా కేంద్రాల సమాచారాన్ని ఒకచోట చేర్చింది. యూరోపియన్ యూనియన్ మరింత ముందుకు వెళ్లి, 2025 జూన్ 20 నుంచి అమ్మకాలు ఆగిన తరువాత కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు అందించాలని షరతు విధించింది. ఆ గడువు ముగిసిన రోజున తాళం చెవిని యజమానికి అప్పగించాలన్న నియమం అక్కడా లేదు, ఇక్కడా లేదు.