మౌంటింగ్ మీద గట్టిదనం అంకె అచ్చువేయరేం?

కడియం నర్సరీల నుంచి మొక్కలు తోలే డీజిల్ వ్యాను నాది. ఈ మధ్య గేటు పడి న్యూట్రల్‌లో ఆగితే చాలు, అద్దంలో వెనక బళ్లు అలికేసినట్టు కనబడేవి, స్టీరింగ్ మీద చేతులు తిమ్మిరెక్కేవి. చూపిస్తే ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు పోయాయని తేలింది. "ఈసారి గట్టివి ఏసేద్దామండి, ఇంక ఇంజిన్ కదిలితే నన్నడగండి" అన్నాడు మెకానిక్.

నా పేచీ అక్కడే. ఇంజిన్ కదలాలి. దాన్ని కదలనివ్వకపోతే ఆ ఊపంతా ఛాసిస్‌కీ, సీటుకీ, చివరికి నా నడుముకీ ఎక్కుతుంది.

ఐటీఐలో మోటార్ మెకానిక్ చదివినవాణ్ని, లెక్క చెబుతాను. ఐడిల్‌లో నిమిషానికి 750 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజిన్ సెకనుకు 25 కుదుపులిస్తుంది. రబ్బర్ల మీద కూర్చున్న ఇంజిన్ సహజంగా సెకనుకు 10 సార్లు ఊగేదైతే, ఆ కుదుపులో ఛాసిస్‌కి చేరేది సుమారు ఐదో వంతే. గట్టి రబ్బరు వేసి ఆ పదిని ఇరవై చేశామా, కుదుపు తగ్గకపోగా ఎక్కువవుతుంది. అలాగని మరీ మెత్తనిది వేస్తే గేరు వేసినప్పుడల్లా ఇంజిన్ ఒరిగి సైలెన్సర్ గొట్టాన్ని గుంజుతుంది.

ఈ సంగతి తొంభై ఏళ్ల కిందటే తెలుసు. 1931లో అమెరికాలో క్రైస్లర్ సంస్థ 'ఫ్లోటింగ్ పవర్' పేరుతో ప్లిమత్ కారు ఇంజిన్‌ని ముందు ఎత్తున ఒకటి, వెనక కిందుగా ఒకటి రబ్బరు మౌంటింగుల మీద ఊగనిచ్చింది. మరుసటేడే ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ ఆ పద్ధతి తెచ్చుకుంది.

మన దగ్గర మాత్రం పాత టైరు ముక్క కోసి ఇరికిస్తారు. అందులో దారాలో తీగలో ఉంటాయి, అది మౌంటింగ్ రబ్బరులా సాగదు. కొత్త మౌంటింగ్‌కి డ్రిల్లుతో బెజ్జాలు వేసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఆలోచన తప్పు కాదు, రబ్బరు మెత్తబడుతుంది. కాకపోతే చీలిక ఆ బెజ్జం దగ్గరే మొదలవుతుంది. అసలు వీటన్నిటికంటే ముందు నాజిళ్లు చూపించుకోవాలి. ఒక్క సిలిండర్ మండకపోయినా సెకనుకు ఆరుసార్లు ఇంజిన్ నెమ్మదిగా ఊగుతుంది, దాన్ని ఏ రబ్బరూ ఆపలేదు.

నేను పట్టుబట్టి, బండితో వచ్చినలాంటివే కావాలన్నాను. షాపులో రెండు రకాలు ముందు పెట్టారు, ఆకారం ఒకటే. ఏది గట్టిదో గోరు గుచ్చి చూసుకోవాల్సి వచ్చింది! టైరు కొంటే సైజు, మోయగల బరువు, తయారైన వారం, ఏడాది దాని పక్కనే అచ్చై ఉంటాయి. నేను కొన్న మౌంటింగ్ పెట్టె మీద పార్టు నంబరు, ధర తప్ప రబ్బరు గురించి ఒక్క ముక్క లేదు.

రబ్బరు గట్టిదనాన్ని షోర్ అంకెల్లో కొలుస్తారు. కొలిచే డ్యూరోమీటర్ జేబులో పడుతుంది. తయారీదారులు ఆ అంకెనీ, తయారైన నెలనీ మౌంటింగ్ మీద అచ్చువేయాలి. అందాకా విడిభాగాల షాపులవాళ్లు కౌంటర్ మీద ఒక డ్యూరోమీటర్ పెట్టండి, మేమే కొలుచుకుంటాం.