ఎండకు కమిలిన చర్మము - ఉపశమనము

వేసవి వచ్చినంతనే మన మండపేట ప్రాంతమున రెండు విషయములు తప్పక జరుగును. పొలములందు దాళ్వా కోతకు వచ్చును. పాఠశాలలు ఒంటిపూట నడచును. కళ్లమున ధాన్యము నెండబోసి మాటిమాటికి తిరుగవేయు కూలివాని వీపును, మధ్యాహ్నమున పుస్తకముల సంచితో నింటికి నడచు బాలుని మెడయు నొక్క తీరుననే కమలును. ఆ రాత్రి పక్క తగిలినంతనే మంట. మఱునాడు, ఆ మఱునాడు దురద. వారము తిరుగునప్పటికి పైపొర యూడుట. దీనిని మనవారు బాధగా నెంచరు. "ఎండలో తిరిగితివి, అనుభవింపుము" అని కొందఱు ఊరకుందురు. మఱికొందఱు చేతికందిన దేదో పూయుదురు. ఈ రెండును తగవని మా యభిప్రాయము. ఈ బాధకు తగిన యుపశమనము పేదవాని యింటను కలదు. అది నీరు, నీడ, నూలుబట్ట. దానిని విడిచి అంగడి లేపనములకు పరుగెత్తుటవలననే చిన్న బాధ పెద్దదగుచున్నది.

మొదట కారణమును తెలిసికొందము. చర్మమును కమల్చునది ఎండలోని వేడిమి యని పలువురి తలంపు. అది నిజము కాదు. ఎవరార్డు హోము అను ఆంగ్ల శస్త్రవైద్యుడు తన చేతులమీదనే యీ విషయమును పరీక్షించి 1821లో ప్రకటించెను. ఒక చేతిని ఎండలో వట్టిగా నుంచి, రెండవ చేతికి నల్లబట్ట కప్పెను. ఉష్ణమాపకమునుబట్టి చూడగా నల్లబట్ట క్రింది చేయియే యెక్కువ వేడెక్కెను; కాని కమిలినది మాత్రము వట్టి చేయి. అంతకు ముందే, 1801లో, రిట్టరు అను జర్మను శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిలో ఊదారంగున కావల కంటికి కానరాని కిరణములు కలవని కనుగొనెను. అతినీలలోహిత కిరణములని మన పాఠ్యపుస్తకములందు చదువునవి యివియే. చర్మమును కమల్చునవియు ఇవియే.

ఈ సంగతి తెలిసినచో పెక్కు భ్రమలు తొలగును. చల్లగాలి వీచుచున్నది గదా యని ఎండలో నిలుచుట ప్రమాదము. గాలి వేడిమిని తగ్గించునే గాని కిరణముల నాపదు. పలుచని మబ్బు పట్టినను ఆ కిరణములలో నూటికి ఎనుబది వంతులవఱకు క్రిందికి దిగివచ్చును. కాలువ నీటిలో మెడవఱకు మునిగి యాడు బాలుడు తనకేమియు కాదనుకొనును. అరమీటరు లోతునగూడ నీటిపై నున్న కిరణములలో నూటికి నలుబది వంతులు చేరును. చల్లదనమువలన అప్పుడు బాధ తెలియదు. మూడునాలుగు గంటలు గడచిన పిమ్మట మంట మొదలై, ఒక పగలు ఒక రాత్రి తిరుగులోపల హెచ్చు స్థితికి వచ్చును.

"మనది నల్లని చర్మము, మన కేమగును?" అనువారు కలరు. చర్మమునకు రంగు నిచ్చు పదార్థము కొంత కాపుదల యిచ్చుట నిజమే. కాని అది కొంతమాత్రమే. తెల్లని చర్మముమీద కమిలిన చోటు ఎఱ్ఱగా కనబడును. మన చర్మముమీద ఎఱుపు తెలియక, ఆ చోటు వేడిగా, బిగిసినట్లు, ముట్టుకొన్న నొప్పిగా నుండును. కనబడనంత మాత్రమున బాధ లేదనుట అన్యాయము.

చెమటకాయలును కమిలిన చర్మమును ఒకటే యని భ్రమించువారును కలరు. చెమట పోవు రంధ్రములు మూసికొనిపోవుటవలన చెమటకాయలు పుట్టును. ఇవి బట్ట క్రింద, వీపున, మెడ ముడుతలలో పొక్కుచు గుచ్చినట్లుండును. కమలుట బట్ట లేని చోట కలుగును. రెంటికిని చల్లదనమే హితము. నూనెలు, జిడ్డు లేపనములు రెంటికిని కీడే చేయును. రంధ్రములను మూసి, చర్మములోని వేడిని వెలికి పోనీయవు.

ఇక నుపశమనము. కమిలినట్లు తోచినంతనే నీడకు చేరవలెను. ఆ చోటుమీద చల్లని కుండనీటిని పోసికొనుటయో, శుభ్రమైన పాత నూలుగుడ్డను తడిపి పిండి పది పదునైదు నిమిషములు పఱచి యుంచుటయో చేయవలెను. దినమున పలుమారు లిట్లు చేయవచ్చును. మంచుగడ్డను నేరుగా పెట్టరాదు; అది కమిలిన చర్మమును మఱింత చెఱచును. వేడినీటి స్నానమును, సబ్బును, పీచుతో రుద్దుటయు కొన్నినాళ్లు మానవలెను. తుడుచునప్పుడు అద్దవలెనే గాని రాయరాదు. పెరటి కలబంద మట్టను కోసి, దాని పసుపుపచ్చని జిగురును కడిగివైచి, లోని తెల్లని గుజ్జును మాత్రము మొదట కొద్దిచోట పూసి చూచి, మంట పుట్టనిచో మిగిలిన చోటను పూయవచ్చును. అంగళ్లలో దొరకు గులాబిరంగు కాలమిన్ లోషనును దురదకు మేలు చేయును. మజ్జిగ, కొబ్బరినీరు, మంచినీరు దండిగా త్రాగవలెను.

దురద రాత్రివేళ హెచ్చును. పగలు పనిలో మఱచిన బాధ నిశ్శబ్దములో పైకి తేలును. అప్పుడు గోకరాదు. గోకినకొలది దురద పెరుగును. గోరు తగిలి చర్మము చీలినచో చీము పట్టును. గోళ్లు కత్తిరించుకొని, గోకుటకు మాఱుగా తడిగుడ్డ నద్దవలెను. చల్లదనమును మోయు నరములు మేలుకొన్నచో దురద తెలుపు నరముల పోరు తగ్గునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. పొక్కులు లేచినచో చిదుపరాదు. ఆ పొరయే క్రింది పచ్చిచర్మమునకు కప్పు. నొప్పికి పారాసిటమాలు చాలును. పదునారేండ్లలోపు పిల్లలకు వైద్యుడు చెప్పక ఆస్పిరిను ఈయరాదు. పొక్కులు విస్తారముగా లేచినను, జ్వరము, వాంతి, తల తిరుగుట కలిగినను, కమిలినది పసిబిడ్డయైనను ఆలసింపక వైద్యుని చూడవలెను.

చేయరాని పనులను గూర్చి ఒక మాట. పండ్లపొడి ముద్దను, నూనెను పూయుట వ్యర్థము. నిమ్మరసము రుద్దినచో నలుపు విఱుగునని కొందఱు బాలికలు నమ్ముదురు. నిమ్మరసము తగిలిన చర్మము మరల నెండ సోకినచో మఱింత కాలి, పొక్కి, నెలల తరబడి నల్లమచ్చ నిలుచును. అన్నిటికంటె భయంకరమైనది వైద్యుని చీటీ లేక కొను స్టీరాయిడు లేపనము. మొదటి రెండు దినములు దురద మాయమగును, ముఖము తెల్లబడినట్లుండును. ఆ యాశతో నెలలు పూసినచో చర్మము పలుచబడి, ఎఱ్ఱని సన్నని నరములు తేలి, మొటిమలు లేచి, మానినంతనే మంట తిరుగబెట్టును. ఇట్టి లేపనములు పెక్కింటిని చీటీ లేక అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వము శాసించెను. ఎండకు నల్లబడిన చర్మము తనంతట తాను తేరుకొనును. నలుపు కోరి తెచ్చుకొన్న దోషము కాదు. ఈ మాట తల్లులు కుమార్తెలకు చెప్పినచో సగము లేపనములు అంగళ్లలోనే నిలిచిపోవును.

"మా తాతలు ఎండలోనే బ్రతికిరి, వారి కీ జాగ్రత్త లెక్కడివి?" అని పెద్దలు మమ్ము ప్రశ్నింపవచ్చును. వారు కోడికూతవేళ పొలమునకు పోయి, ఎండ ముదురునప్పటికి చెట్టునీడ చేరెడివారు. తలగుడ్డ లేక గడప దాటెడివారు కారు. తాటాకు గొడుగు నామోషీ యనుకొనెడివారును కారు. ఆ జాగ్రత్తలనే మేము మరల కోరుచున్నాము.

ఒంటిపూట బడి పిల్లలను వేడిమినుండి కాపాడుటకే యేర్పడినది. కాని విడుచునది మధ్యాహ్నము పండ్రెండున్నరకు. మన దేశపు గడియారమున కాధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడ దాపుననే పోవుచున్నది. కావున ఇచ్చట గడియారము పండ్రెండు కొట్టునప్పుడు సూర్యుడు ఇంచుమించు నడినెత్తిననే యుండును. మే మొదటివారము ముగియునాటికి ఆ వేళ నిలువుగా పాతిన కఱ్ఱకు నీడయే కానరాదు. వేడిమి మూడు గంటలకు హెచ్చవచ్చును గాని, కమల్చు కిరణములు హెచ్చునది పిల్లలు దారిలో నున్న యీ వేళనే. విద్యార్థులారా, మీ నీడ మీకంటె పొట్టిగా నున్నంతసేపు ఎండను నమ్మకుడు.

కావున మా మనవి యిది. వేసవి మూడు నెలలు గొడుగును, టోపీని, తలగుడ్డను పాఠశాల దుస్తులలో భాగముగా నెంచవలెను. వానిని ధరించిన వానిని చూచి నవ్వరాదు. డ్రిల్లును ఆటలును ప్రొద్దున ఎనిమిది గంటలలోపల ముగియవలెను. ప్రతి బడియందును, ప్రతి కళ్లమునందును ఒక కుండ చల్లనినీరు, నాలుగు శుభ్రమైన నూలుగుడ్డలు ఉంచవలెను. ధాన్యము మనది, వీపు కూలివానిది యని తలంపక, భూస్వాములైన తలిదండ్రులు మధ్యాహ్నము మూడు గంటలు పని నిలిపి అతనికి నీడ చూపవలెను. దీనికి కావలసినది ధనము కాదు. తోటివాని చర్మము మన చర్మమువంటిదే యను తలంపు.