సముద్రం చూసి ఊరు ఎంచుకోకండి

పోస్టు పొడుగ్గానే ఉంటుంది, తీరిక చేసుకుని చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే ఇక్కడే తిట్టండి, వేరే గ్రూపులోకి వెళ్ళి కాదు.

నెల రోజులుగా మనవాళ్ళ మధ్య ఒకటే చర్చ. ఫ్రెంచ్ నేషనాలిటీ కాగితాలు చేతికొచ్చిన పిల్లలు, వాళ్ళ వెనక వెళ్ళబోయే అమ్మానాన్నలు, ఫ్రాన్సులో ఎక్కడ దిగాలి అని. పారిస్ శివార్లు వద్దు, ఇరుకు, ఖర్చు. సముద్రం పక్కన చిన్న ఊరు చూసుకుంటే అచ్చం మన యానాంలాగే ఉంటుంది. ఇదీ మాట. ఆ మాట కింద నీలం సముద్రం ఫోటో, తెల్ల గోడల ఇళ్ళు, వరసగా లైకులు. మేము ఈ మాటకు పూర్తిగా వ్యతిరేకం. మంచిగా చెప్తే ఎవరూ వినడం లేదు కాబట్టి కాస్త గట్టిగానే చెప్తాం.

ముందు ఆ 'యానాంలాగే' సంగతి తేల్చుకుందాం. యానాం సముద్రపు ఒడ్డున లేదండీ. గౌతమి గోదావరి ఒడ్డున ఉంది. సాయంత్రాలు మనం వెళ్ళి కూర్చునే రాజీవ్ బీచ్ కూడా పేరుకే బీచ్, ఉన్నది గోదావరి గట్టు. సముద్రానికి వెళ్ళాలంటే ఇంకా కిందికి పోవాలి. పక్కనే కోరంగి ఉంది. ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు. 1789లో ఒక ఉప్పెన, 1839లో ఇంకో ఉప్పెన. ఆ తర్వాత అది మళ్ళీ పాత కోరంగి కాలేదు. 1996 నవంబరు తుఫాను మనలో చాలామందికి కళ్ళారా తెలుసు. సముద్రం మీద మమకారం ఉండొచ్చు, తప్పు లేదు. దాంతో పాటు మన పెద్దలకు భయం కూడా ఉండేది. ఆ భయాన్ని ఇంటి దగ్గర వదిలేసి మమకారం ఒక్కటే సూట్‌కేసులో సర్దుకుని బయల్దేరుతున్నారు.

మన పెద్దలూ సముద్రపు ఊళ్ళలోనే ఉన్నారు కదా అని ఒకరు అడిగారు. ఉన్నారు. 1962 ఆగస్టు 16న ఒప్పందం అమల్లోకొచ్చాక ఇచ్చిన ఆరు నెలల గడువులో ఫ్రెంచ్ నేషనాలిటీ కావాలని సంతకం పెట్టిన కుటుంబాల్లో సైన్యం వాళ్ళు ఉన్నారు. తూలోన్ నౌకాదళం ఊరు, ఫ్రెజూస్ సముద్రాల అవతల పనిచేసే పటాలాల ఊరు. ఆ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఆ ఊళ్ళకు వెళ్ళింది సముద్రం కోసం కాదు, బ్యారక్ అక్కడ ఉంది కాబట్టి. జీతం, వసతి, ఆసుపత్రి ముందే రాసిపెట్టి ఉన్నాయి. జీతం ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా ఫోటో చూసి ఇల్లు వెతకడం కొత్తగా వచ్చిన ముచ్చట.

అసలు విషయానికి వద్దాం. సముద్రపు ఊళ్ళు రెండు రకాలు. సముద్రం మీద పని చేసి బతికే ఊరు ఒకటి, సముద్రాన్ని చూపించి బతికే ఊరు ఇంకొకటి. ల హావ్ర్, మార్సెయ్, బ్రెస్త్, డంకర్క్ మొదటి రకం. సాన్ నజేర్‌లో పెద్ద పెద్ద ప్రయాణికుల ఓడలు కడతారు, వెల్డరుకీ ఎలక్ట్రీషియనుకీ అక్కడ ఏడాది పొడుగునా పని ఉంటుంది. ఈ ఊళ్ళు ఫోటోలో అందంగా ఉండవు. ల హావ్ర్ అయితే రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమై, మళ్ళీ కాంక్రీటుతో కట్టుకున్న ఊరు. మనవాళ్ళెవరూ ఆ ఊరి ఫోటో పెట్టరు. కానీ జనవరిలో కూడా అక్కడ బస్సు తిరుగుతుంది, బడి నడుస్తుంది, మందుల షాపు తెరిచి ఉంటుంది.

రెండో రకానికి లా గ్రాండ్ మోత్ మంచి ఉదాహరణ. 1960లలో మోంపెలియే దగ్గర ఖాళీ తీరంలో సెలవుల కోసమే కట్టిన ఊరు. పిరమిడ్ల ఆకారంలో భవనాలు, చూడ్డానికి వింతగా, బాగుంటుంది. అక్కడి ఇళ్ళలో ఎక్కువ భాగం వేరే ఊళ్ళవాళ్ళ రెండో ఇళ్ళు. రైలు స్టేషను లేదు. ఆగస్టులో కాలు పెట్టే చోటుండదు, శీతాకాలంలో వరసగా మూసిన కిటికీలే. ఆ ఊరిని తప్పుపట్టడం లేదు, దాన్ని కట్టిందే అందుకు. సెలవుల కోసం కట్టిన ఊళ్ళో సంసారం పెట్టాలనుకోవడం మన తప్పు.

నీస్ గురించి అడుగుతారని తెలుసు. నీస్ రెండూ. పెద్ద నగరం, ట్రాము, విమానాశ్రయం, యూనివర్సిటీ ఆసుపత్రి అన్నీ ఉన్నాయి. అద్దెలు మాత్రం సముద్రం దగ్గర మనలాంటి వాళ్ళకు అందవు. వెనక కొండల వైపు వెళ్ళి ఇల్లు తీసుకోవాలి. అప్పుడు సముద్రం కనపడదు. సముద్రం కోసం వెళ్ళినవాడు సముద్రం కనపడని చోట పారిస్ శివారు అద్దె కడతాడు!

ఇంక లీజు. ఇది మెల్లగా చదవండి, ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. అక్కడి చట్టం ప్రకారం, మనం స్థిరంగా ఉండే ఇంటిని సామాన్లతో సహా అద్దెకిస్తే లీజు ఏడాదికి తక్కువ ఉండకూడదు. సామాన్లు లేకుండా మామూలు యజమాని ఇస్తే మూడేళ్ళు. విద్యార్థికైతేనే తొమ్మిది నెలలు. సముద్రపు ఊళ్ళలో కొందరు యజమానులు ఈ తొమ్మిది నెలల లీజునే అందరికీ అంటగడతారు. సెప్టెంబరులో ఇస్తారు, జూన్‌లో ఖాళీ చేయమంటారు. జూలై, ఆగస్టుల్లో అదే ఇంటిని వారాల లెక్కన సెలవులకొచ్చేవాళ్ళకు ఇస్తే మన రెండు మూడు నెలల అద్దె ఒక్క నెలలో వస్తుంది మరి. మనవాళ్ళలో ఒక కుటుంబం ఇలాగే సామాన్లతో సహా రోడ్డు మీద పడింది, పిల్ల పరీక్షలు అవ్వకముందే. ఊరి పేరు, యజమాని పేరు ఇక్కడ రాయం. భాష రానివాడు సంతకం పెట్టేముందు ఎవరికో ఒకరికి చూపించుకోవాలని మాత్రం రాస్తాం. ఇళ్ళు ఊరివాళ్ళకు మిగలడం లేదని సాన్ మాలో లాంటి ఊరే 2021లో పర్యాటకుల అద్దెలకు పేటల వారీగా పరిమితి పెట్టుకుంది. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకే ఇల్లు దొరకనప్పుడు, జీతం చీటీ కూడా లేకుండా దిగిన మనకు ఎవరిస్తారు?

చలి గురించి ఒక్క ముక్క. దక్షిణాన చలి ఉండదనేది సగం నిజం. సెలవుల కోసం కట్టిన ఫ్లాట్లలో చాలావాటికి గోడలు పల్చన, కరెంటు హీటర్లు, శీతాకాలంలో బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. ప్రతి ఇంటికీ ఏ నుంచి జి దాకా ఇంధనం అక్షరం ఒకటి ఇస్తారు. 2025 జనవరి 1 నుంచి జి వచ్చిన ఇంటిని కొత్తగా అద్దెకివ్వకూడదు. ప్రకటనలో ఆ అక్షరం వెతకండి. కనపడకపోతే అడగండి. అడిగితే చిరాకు పడే యజమాని ఇల్లు మనకొద్దు.

మాకు ఎక్కువ కోపం తెప్పించేది ముసలివాళ్ళ సంగతి. "అమ్మా నాన్నా పెద్దవాళ్ళయ్యారు, సముద్రపు గాలి మంచిది, అక్కడ ఒక చిన్న ఫ్లాటు కొని పెట్టేస్తాం" అంటున్నారు. పెట్టేస్తాం! సామాను పెట్టినట్టు. పిల్లలు మాత్రం పారిస్‌లో, లియోన్‌లో ఉద్యోగాల్లో ఉంటారు. ఆ అమ్మకు ఫ్రెంచ్ రాదు. యానాంలో అరుగు మీద కూర్చుంటే దారిన పోయే ప్రతివాడూ "ఏం పిన్నిగారూ, భోజనం అయ్యిందా" అని పలకరిస్తాడు. అక్కడ నవంబరు నుంచి మార్చి దాకా మెట్ల మీద ఎదురయ్యే మనిషే ఉండడు. బాగోకపోతే డాక్టరు ఎక్కడ? ఫ్రాన్సులో ఒక డాక్టరు దగ్గర మన పేరు నమోదు చేయించుకోవాలి. అలా చేయించుకోకపోతే ప్రభుత్వ బీమా ఫీజులో వెనక్కిచ్చేది 70 శాతం నుంచి 30 శాతానికి పడిపోతుంది. రిటైరైనవాళ్ళు ఎక్కువగా చేరిన తీరపు ఊళ్ళలో చాలామంది డాక్టర్లు కొత్త పేషెంట్లను తీసుకోవడం లేదు. ఊరు ఎంచుకునేముందు ఆ ఊళ్ళో నాలుగు క్లినిక్కులకు ఫోన్ చేసి "కొత్తవాళ్ళను తీసుకుంటారా" అని అడగడానికి పది నిమిషాలు పట్టదు. సముద్రం ఎంత దూరమో కొలిచి చెప్పినవాళ్ళున్నారు గానీ, ఈ ఫోన్ చేసిన ఒక్కరు కూడా మాకు కనపడలేదు.

కొనేవాళ్ళకు ఇంకో మాట. ఇక్కడి స్థలం అమ్మి అక్కడ ఫ్లాటు కొంటున్నారు కాబట్టి చెప్తున్నాం. బోర్దో వైపు సులాక్ అనే ఊళ్ళో ల సిన్యాల్ అని ఒక భవనం ఉండేది, 78 ఫ్లాట్లు. 1960ల చివర్లో కట్టినప్పుడు సముద్రం 200 మీటర్ల అవతల ఉంది. ఏటా ఇసుక కోసుకుపోయి 2014లో అందరినీ ఖాళీ చేయించారు, 2023లో భవనాన్ని కూల్చేశారు. నష్టపరిహారం కోసం ఆ యజమానులు ఏళ్ళ తరబడి కొట్లాడారు. అంతకంటే ఘోరం 2010 ఫిబ్రవరిలో జరిగింది. జింతియా తుఫాను రాత్రి లా ఫోత్ సుర్ మేర్‌లో 29 మంది చనిపోయారు. కట్ట వెనక పల్లంలో కట్టిన ఇళ్ళు, నిద్రలో ఉన్న జనం, వాళ్ళలో చాలామంది వయసు మళ్ళినవాళ్ళు. గోదావరి గట్టు కింద పల్లంలో ఇల్లు కట్టుకోమంటే మనలో ఎవరైనా కట్టుకుంటామా? అక్కడ మాత్రం 'సీ వ్యూ' అని పదివేల యూరోలు ఎక్కువిచ్చి మరీ తీసుకుంటాం. అమ్మేవాడైనా అద్దెకిచ్చేవాడైనా ఆ చోటికి ముంపు, కోత లాంటి ప్రమాదాలేమున్నాయో రాసిన కాగితం ఇచ్చి తీరాలని అక్కడి చట్టం. జియోరిస్క్ అనే ప్రభుత్వ సైటులో చిరునామా కొడితే ఎవరికైనా ఉచితంగా కనపడుతుంది. ఇంటర్ చదివే పిల్లాడు కూడా చూసి చెప్పగలడు.

చలి గొడవే వద్దు, రీయూనియన్ పోదాం అనేవాళ్ళున్నారు. అది కూడా ఫ్రాన్సే, వీసా అక్కర్లేదు, గుళ్ళున్నాయి, మన మొహాలు కనిపిస్తాయి. ఈ వాదనకు కొంత బలం ఉందని ఒప్పుకుంటాం. 19వ శతాబ్దంలో మన యానాం రేవు నుంచే ఒప్పంద కూలీలు ఆ ద్వీపానికి వెళ్ళారు. వాళ్ళు వెళ్ళింది చెరుకు తోటలకు, సముద్రానికి కాదు. ఇప్పుడు వెళ్ళేవాళ్ళు తెలుసుకోవాల్సింది వేరే. ఉద్యోగాలు ఫ్రాన్సు కంటే తక్కువ, కిరాణా ఖర్చు ఎక్కువ. రైలు లేదు, జనం అంతా తీరం చుట్టూ ఒకే రోడ్డు మీద. తూర్పు తీరం విపరీతమైన వాన, పడమర ఎండ. షార్కుల వల్ల 2013 నుంచి కొన్ని చోట్ల తప్ప సముద్రంలో దిగడమే నిషేధించారు. తుఫానులు మనకు కొత్త కాదు, అక్కడా వస్తాయి, 2024లో బెలాల్, 2025లో గరాన్స్ వచ్చాయి. పెద్ద ఆసుపత్రి ఉత్తరాన సాన్ దెనీలో, దక్షిణాన సాన్ పియేర్‌లో ఉంది. వెళ్తే ఆ రెండు చోట్లలో ఒకదానికి దగ్గరగా వెళ్ళండి. ఫోటోల్లో కనపడే పడమటి లగూన్ ఊళ్ళకు ఆదివారం వెళ్ళి రావచ్చు.

చేపల గురించి రాయకపోతే మన గోదావరి వాళ్ళు ఊరుకోరు. తీరంలో ఉంటే చేప చవక అనుకోవద్దు. ఫ్రాన్సు రేవుల్లో దిగిన మంచి సరుకు బోలెడంత లారీలెక్కి పారిస్ పక్కనున్న రుంజిస్ మార్కెట్‌కు పోతుంది. పైగా మనకు కావలసిన బొచ్చె, రాగండి ఫ్రీజర్‌లో దొరికేది పారిస్‌లో గార్ ద్యు నోర్ వెనక లా షపెల్ కొట్లలో. చింతపండూ కరివేపాకూ కూడా అక్కడే. పులస సంగతి ఎత్తకండి, అది ఏ ఫ్రెంచ్ సముద్రంలోనూ లేదు.

శివార్ల ఇరుకులో ఉబ్బసం ఉన్న పిల్లలు, రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపట్టని మగవాళ్ళు, వీళ్ళకు సముద్రపు ఊరు ఊరటనిచ్చిన మాట నిజం. తూలోన్‌లో, లా రొషేల్‌లో హాయిగా ఉన్నవాళ్ళను మేము ఎరుగుదుం. వాళ్ళందరూ ముందు ఉద్యోగం చూసుకుని, ఆ తర్వాత ఇల్లు చూసుకున్నవాళ్ళే.

అందుకని వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒకటి అడగబోతున్నాం. ఏ ఊరినైనా మన వాళ్ళకు సిఫారసు చేసే సభ్యుడు ఆ ఊళ్ళో ఫిబ్రవరిలో ఒక్క వారమైనా ఉండి ఉండాలి. ఉండి ఉంటే అయిదు సంగతులు రాయాలి: ఎంత అద్దె కట్టాడు, ఎన్ని నెలల లీజు, ఆదివారం చివరి బస్సు ఎన్నింటికి, కొత్త పేషెంట్లను తీసుకునే డాక్టరు ఉన్నాడా లేడా, రాత్రి పూట ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది. రాయలేనివాళ్ళు తమ సెలవుల ఫోటోలు తమ పేజీలో పెట్టుకోవచ్చు, సంఘం పేజీలో కాదు. ఈ తీర్మానానికి కనీసం పదిమంది సంతకాలు కావాలి. ఇప్పటికి నలుగురివి వచ్చాయి. మిగిలినవాళ్ళు ఈ ఆదివారం లోపు కార్యదర్శి గారికి పేరు పంపండి. వ్యతిరేకించేవాళ్ళు కూడా సమావేశానికి వచ్చి మాట్లాడండి, ముఖ్యంగా అమ్మానాన్నల కోసం ఇప్పటికే అడ్వాన్సు కట్టిన ఇద్దరూ.