గోరింకల్లో గులాబీ పిట్ట

ఈ వారం ఇఖామాలు, జీతాల ముచ్చట పక్కన పెడుతున్నాం. మొన్న శుక్రవారం సాయంత్రం రాస్ తనూరాలో (తనూరా అంటే మన తందూరుకు చుట్టమే, ఎండాకాలం ఇక్కడ పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు) సముద్రం ఒడ్డు పార్కులో ఒక పిట్టను చూశాం.

ఇక్కడి పార్కుల్లో గోరింకలకు కొదవలేదు. అవి ఈ దేశపువి కావు, పంజరాల్లో వచ్చి బయటపడి పెరిగినవి. ఆ గుంపులో ఒకటి వేరుగా ఉంది. తల, రెక్కలు, తోక నలుపు. వీపు, పొట్ట లేత గులాబీ. మాలో ఒకాయన చూస్తూనే "అరె, మా జొన్నల దొంగ!" అన్నాడు. చిన్నప్పుడు మంచె మీద నిలబడి వడిసెలతో వీటినే తోలేవాడట. ఆ చేను ఇప్పుడుందా అంటే, వీసా అప్పుకింద పోయిందన్నాడు.

అది గులాబీ గోరింక. కజకిస్తాన్ గడ్డిమైదానాల్లో పిల్లల్ని చేసి, జూలై, ఆగస్టుల నుంచి గుంపులుగా మన దేశం చేరుతుంది. ఏప్రిల్ దాకా ఉంటుంది. దాని దారి మన వైపే గనుక అరేబియాకు వచ్చేవి తక్కువ. మనం జొన్నలు తింటుందని తిడతాం గానీ, అక్కడ మిడతల్ని తింటుంది. చైనాలోని షిన్‌జియాంగ్‌లో మిడతల బెడద తగ్గడానికి వీటికి గూళ్లు కట్టించారు కూడా.

పక్కనున్నాయన వల వేసి క్యాంపుకు పట్టుకుపోదామన్నాడు. వద్దన్నాం. అనుమతి లేని వేటకు ఇక్కడ జరిమానా పడుతుంది. ఫోను కూడా రిఫైనరీ వైపు తిప్పి ఫొటోలు తీయకండి.

గోరింకల గుంపు కనబడితే ఒక్కొక్కదాన్నే చూడండి. ఈ పిట్టను మీ ఊళ్లో ఏమంటారో మాకు రాయండి.