తాలుకాయ

పదునేడేండ్ల కుఱ్ఱవాడు ఇంట పెద్దవాడు కాడు, బడిలో చిన్నవాడు కాడు. ఆ నడిమి వయస్సున ఎందును ఒదుగనివానిని లోకము మొద్దనును, మొండియనును, చెడిపోయినవాడనును. వాని మనస్సున నేమున్నదో మాత్రమడుగదు. అడుగవలసిన ఆ పనిని కొన్ని దేశములందు చలనచిత్రము తలకెత్తుకొన్నది. మన తెలుగు తెర ఆ పని చేసినదా?

1959లో ఫ్రాన్సున త్రూఫో తీసిన ‘ఫోర్ హండ్రెడ్ బ్లోస్’ చిత్రమున అంత్వాన్ అను బాలుడు బడినుండియు, ఇంటినుండియు, తుదకు బాలల నిర్బంధశాలనుండియు పారిపోయి సముద్రతీరమున నిలుచును. అంతటితో కథ ముగియును. వానికి బహుమానము లేదు. బుద్ధి వచ్చినదన్న మాటయు లేదు. మనవైపు తిరిగిన ఆ ముఖమొక్కటియే మిగులును. తీర్పు చెప్పవచ్చిన ప్రేక్షకుడు అప్పుడు ముద్దాయి యగును.

మన చిత్రములలో ఈ వయస్సునకు కొదువ లేదు. 2000లో తేజ తీసిన ‘చిత్రం’, 2008లో శ్రీకాంత్ అడ్డాల తీసిన ‘కొత్త బంగారు లోకం’ కౌమారమునే కథగా గైకొన్నవి; కాని రెండును ప్రేమకథలే. 2025లో వచ్చిన ‘లిటిల్ హార్ట్స్’ ఎంసెట్టు తప్పి లాంగ్‌టర్మ్ కోచింగున చేరిన కుఱ్ఱవానిని నాయకునిగా నిలిపి నవ్వించినది. అది మేలే, అయినను ఆ ఓటమి బరువును అచటను ప్రేమయే మోసినది. 2019 నాటి ‘మల్లేశం’ ఆరవ తరగతితో చదువు మాని, తల్లి భుజముల నొప్పి చూడలేక ఆసుయంత్రము కనిపెట్టిన చింతకింది మల్లేశము కథ. ఉదాత్తమైన కథయే. కాని ఆయన గెలిచినవాడు. 2017లో పద్మశ్రీ పొందినవాడు. ఏ యంత్రమును కనిపెట్టని బిడ్డ మాట యేమి? వానికి మన తెరపై చోటెక్కడ?

ఈ ప్రశ్నకు దగ్గఱగా వచ్చినది 2024లో నందకిశోర్ ఈమాని తీసిన ‘35 చిన్న కథ కాదు’. అరుణ్ తిరుపతిలో ఒక బస్సు కండక్టరు కొడుకు. ఇంకను కౌమారపు గడప దాటనివాడు. విలువలేని సున్న, ఒకటి ప్రక్కన చేరగానే పది యెట్లగునని వాని సందేహము. లెక్కల మాష్టరు వానినే ‘జీరో’ అని పిలిచెను. పదవ తరగతి తప్పిన తల్లి సరస్వతి తాను మరల చదువ మొదలిడి, బిడ్డకు లెక్కలు నేర్పబూనెను. ఇచట కదలినది బిడ్డ కాదు, పెద్ద. మన తెరకు ఇది మేలైన దారి.

పెదకాకానివారికి ఇది పరాయి కథ కాదు. గుంటూరు విజయవాడల నడుమ నున్న మనకు రెసిడెన్షియల్ కళాశాలల సంగతి క్రొత్త కాదు. మిరప సొమ్ము, ప్రత్తి సొమ్ము ఫీజులకు పోవుచున్నవి. కౌలు కట్టి, అప్పు చేసి చదివించు తండ్రి ప్రేమను శంకింప నెవరికిని హక్కు లేదు. కాని యార్డున కాయను ఏరినట్లు మార్కులనుబట్టి బిడ్డలను సెక్షన్లుగా ఏరుట న్యాయమా? తాలుకాయకైనను యార్డున ఒక ధర కట్టెదరు. తాలనిపించుకొన్న బిడ్డకు ఇంట ఆ ధరయైనను కలదా? 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన కొలది దినములలో 20 మందికి పైగా విద్యార్థులు అసువులు బాసిరి. మార్కుల లెక్కలో పొరపాట్లు దొర్లెనని పిమ్మట విచారణలో తేలెను. అంకెను సవరింపవచ్చును, ప్రాణమును తిరిగి తేగలమా?

సినిమాలు చూచియే పిల్లలు చెడుచున్నారని పెద్దలందురు. అట్లయిన పిల్లలను మాని పెద్దలే చూతురు గాక! కళాశాలలలో ప్రవేశములు జరుగు దినములలో, ఫీజు కట్టకముందే, ఊరి గ్రంథాలయమునందో పాఠశాల ఆవరణమునందో ‘35’ను తలిదండ్రులకు ప్రదర్శింపుడు. చూచిన పిదప ఒక గడియ కూర్చుండి మాటలాడుడు. ఇంటికి పోయి బిడ్డను మార్కులు గాక మఱియొక మాట యడుగుడు. చిత్రములు తీయువారికిని ఒక విన్నపము: మా హాస్టలు కుఱ్ఱవాని కథను ప్రేమ ముడివేయకయే, పతకము తగిలింపకయే చెప్పుడు.

అరుణ్ సందేహమునకు లెక్కల పుస్తకము చెప్పు బదులొకటి కలదు: సున్న తాను విలువలేనిదైనను, దాని ప్రక్కన ఒకటి నిలిచినప్పుడు ఆ ఒకటిని పదుల స్థానమున నిలుపును. బిడ్డ ప్రక్కన నిలువవలసినది మనమే.