దీపాలు మార్చేముందు బ్యాటరీ చూడండి



మన సంఘంలో సెకండ్ హ్యాండ్ కారు కొని, కిరాయికి నడుపుకుంటూ బతికే కుటుంబాలున్నాయి. ఎండాకాలం వచ్చిందంటే వారి నోట తరచుగా వినే మాట ఒకటి: "అయ్యగారూ, బండికి ఏదో పట్టినట్టుంది, ప్రార్థన చేయండి." ఒకరోజు సెంట్రల్ లాక్ పనిచేయదు. మరునాడు గడియారం టైము మొదటికి వస్తుంది. హెడ్‌లైట్లు మసకబారుతాయి. డాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు, స్టీరింగ్ లైటు ఒకేసారి వెలుగుతాయి. సెల్ఫ్ కొడితే టక టక మని ఊరుకుంటుంది. అప్పుడు సెల్ఫ్ మోటారు విప్పుతారు, వైరింగ్ కోస్తారు, సెన్సార్లు మారుస్తారు. నెల కిస్తీ కట్టవలసిన డబ్బు అక్కడే అయిపోతుంది. చాలాసార్లు అసలు లోపం ఒక్కటే, బ్యాటరీ బలహీనపడింది.

ప్రార్థన తప్పక చేస్తాము. అయితే ప్రార్థన చేసిన తరువాత మల్టీమీటరు కూడా పెట్టండి అని చెబుతాము. రాత్రంతా ఆపి ఉంచిన బండికి ఉదయం బ్యాటరీ మీద 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగమే. 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే ఆ బ్యాటరీని అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుండి 14.5 మధ్య చూపించాలి. అంత రాకపోతే డైనమో గాని, దాని బెల్టు గాని చూడాలి. వీటన్నిటికంటే ముందు టెర్మినల్స్ వదులుగా ఉన్నాయేమో, తెల్లటి పొడి పట్టిందేమో చూడండి. పట్టి ఉంటే బండి ఆపి, నెగెటివ్ వైరు ముందు విప్పి, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో శుభ్రం చేయండి. బ్యాటరీ దగ్గర బీడీ వెలిగించకండి, అందులో నుండి వచ్చే వాయువు అంటుకుంటుంది.

చలిదేశాల్లో బ్యాటరీ చలికాలంలో మొరాయిస్తుంది. నల్లగొండ, పాలమూరు ఎండలు దాన్ని లోపలే తినేస్తాయి. నీళ్లు ఆవిరవుతాయి, ప్లేట్లు త్వరగా పాడవుతాయి. పైకి మాత్రం డబ్బా కొత్తదానిలాగే ఉంటుంది.

ప్రియులారా, ఇదంతా ఎందుకు వ్రాస్తున్నామంటే, మనుష్యుల విషయంలో కూడా మనం దీపాలనే మారుస్తున్నాము. ఒక సహోదరి ప్రార్థన కూడికకు రావడం మానేస్తే విశ్వాసం చల్లారిందంటాము. ఒక సహోదరుడు ఇంట్లో చీటికిమాటికి కోప్పడితే శరీరానుసారి అంటాము. పాటల్లో నోరు విప్పని యౌవనస్థుని లోకంలో కలిసిపోయాడంటాము. అతడు రాత్రి డ్యూటీ చేసి నిద్రలేకుండా ఆరాధనకు వచ్చాడని ఎవరు అడిగారు? భర్త ముంబైకో పుణెకో వలసపోతే పిల్లలను, ముసలి అత్తమామలను, అప్పును ఒంటరిగా మోస్తున్న తల్లులు పాలమూరులో ఎంతమంది? మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన పెద్దలు మోకరించలేకపోతే అది భక్తి తక్కువై కాదు.

ఏలీయా సంగతి చూడండి. కర్మెలు పర్వతం మీద అంత గొప్ప కార్యం చూసినవాడే యెజెబెలు బెదిరింపు విని అరణ్యానికి పారిపోయాడు, చెట్టు కింద పడి చావు కోరుకున్నాడు. మన సంఘాల్లో అయితే ఆయనపై విచారణ కమిటీ వేసేవాళ్లమేమో! దేవుడు గద్దింపును పంపలేదు. నిద్రపోనిచ్చాడు. దూతచేత నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇప్పించాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినమన్నాడు. ఆ బలంతో ఆయన 40 రాత్రింబగళ్లు నడిచి హోరేబు చేరాడు. "ఇక్కడ నీకేమి పని" అన్న అర్థంతో దేవుడు ప్రశ్నించింది ఆ తరువాతే. ఈ వరుస చాలా ముఖ్యమని మా అభిప్రాయం.

అలాగైతే పాపమే లేదంటున్నామా? కాదు. బ్యాటరీ నిండుగా ఉన్నా లైటు వెలగకపోతే ఫ్యూజు, వైరు వెతకవలసిందే. దాచుకున్న పాపం దాచినంతకాలం కాలుస్తూనే ఉంటుంది. అప్పుడు కూడా గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయంలో పౌలు చెప్పినట్టు మెత్తని మనసుతోనే సరిచేయాలి. కొందరు పాత మేస్త్రీలు డైనమో పరీక్షించడానికి నడుస్తున్న ఇంజిన్ మీదే బ్యాటరీ వైరు పీకి చూస్తారు. ఇప్పటి కార్లలో అలా చేస్తే కంప్యూటర్ కాలిపోయే ప్రమాదం ఉంది. కుంగిపోయిన మనిషిని పరీక్షించడానికి అతనికున్న ఒక్క పరిచర్యను తీసివేయడం కూడా అలాంటిదే.

మరొక మాట. మూడు రోజుల ఉజ్జీవ సభలు జంపర్ కేబుల్ వంటివి. ఆగిన బండి కదులుతుంది, దేవునికి స్తోత్రం. అయితే ఊళ్లోనే రెండు వీధులు తిప్పి ఆపేస్తే బ్యాటరీ నిండదు, మరునాడు మళ్లీ తోయవలసిందే. నిండాలంటే బండి ఎక్కువసేపు నడవాలి. అనుదిన వాక్యధ్యానం, ప్రార్థన, కడుపునిండా భోజనం, విశ్రాంతి, పలకరించే నలుగురు మనుషులు, వీటితోనే మనిషి నిండుతాడు. బ్యాటరీకి ప్రాణమే పోయి ఉంటే మాత్రం ఎంత నడిపినా నిలవదు, షాపుకు తీసుకుపోవాలి. మనసుకు జబ్బు చేసినవారిని కూడా డాక్టరు దగ్గరికి తీసుకుపోవడం అవిశ్వాసం కాదు.

కాబట్టి సంఘ పెద్దలకు మా మనవి. ఈ వారం ఎవరి గురించైనా తీర్పు మాట నోటికి వచ్చినప్పుడు, ముందు వారి ఇంటికి వెళ్లి మూడు సంగతులు అడగండి: రాత్రి నిద్రపోయారా? తిన్నారా? మీతో మాట్లాడేవారు ఎవరైనా ఉన్నారా? వెళ్లేటప్పుడు ఒక గిన్నెలో కూర పట్టుకెళ్లండి. వాక్యం చెప్పడం ఆ తరువాత.

నలిగినవారిని ఆదరించే మన ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.